సుగుణమ్మ టీచర్ వీపు

సుగుణమ్మ టీచర్ పోయారన్న కబురు నాకు ముందుగా తెచ్చింది విమల. చిన్నప్పుడు ఆవిడ దగ్గర నాతో పాటు పియానో నేర్చుకున్నది తనొక్కతే. ఇప్పుడు గోపాలపట్నంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా ఆటోలో వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "టీచర్ గారు పోనారే. వారం దాటిపోనాదంట. మనకి సెప్పినోళ్ళు లేరు" అంది. నిద్రలోనే, నొప్పి లేకుండా వెళ్ళిపోయారట. ఆ ఒక్క సంగతికి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. చెప్పుకుని, విమలను వంటింట్లో కూర్చోబెట్టి స్టవ్వు వెలిగించాను. నేను పెట్టిన టీ నేనే మరచిపోయాను, అది మరిగి మరిగి గిన్నె అడుగున నల్లగా మాడిన వాసన వచ్చేదాకా.

విమలకైనా ఎవరూ కబురు చెయ్యలేదు. టీచర్ జ్ఞాపకార్థం చర్చిలో పెట్టిన కూడిక వీడియో ఆ ఫోనూ ఈ ఫోనూ తిరిగి తన దగ్గరికి వస్తే అలా తెలిసింది. అది నాకూ చూపించింది. వేదిక మీద నీలం లైట్లు. ఒక పక్కన టీచర్ ఫోటో, రేషను కార్డు మీదిది పెద్దది చేయించినట్టున్నారు, ముక్కూ మూతీ కలిసిపోయి ఎవరో తెలియకుండా ఉంది. మధ్యలో కీబోర్డు, దాని వెనక ఒక పిల్ల. పాపం, ఆ పిల్ల వాయించిన తీరు ఏమని చెప్పను. కళ్ళు మూసుకుంది. తల వెనక్కి వాల్చింది. నొక్కిన ప్రతి నొక్కుకీ చెయ్యి పైకెత్తి, మూలన వేలాడే బూజు దులుపుతున్నట్టు గాలిలో తిప్పింది. పాట దుఃఖంగా ఉందని మనకు అర్థం కావడానికి నడుము దాకా వంగి లేచింది. జనం పాడలేదు. ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఆ ఊగడాన్ని దాచుకుంటున్నారు. ఇది సుగుణమ్మ టీచర్‌కు నివాళి అట. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, దాని వయసుకి ఏం నేర్పితే అది చేస్తుంది. నేర్పినవాళ్ళ మీద ఉంది. ఉందని దేవుని ఎదుట కూడా ఒప్పుకుంటాను, తగ్గించమని మాత్రం ఇంకా అడగలేదు.

మాది నరసాపురం వైపు పల్లె. నాన్నకు పోర్టులో క్రేన్ ఆపరేటరుగా ఉద్యోగం రావడంతో, నేను పుట్టకముందే అమ్మా, నాయనమ్మా, నాన్నా విశాఖ వచ్చేశారు. క్వార్టర్సులో మా ఇంటికి తెల్లగోడలు ఉండేవని నాన్న అనేవారు గానీ నేనెప్పుడూ చూడలేదు. ఓడలకెత్తే ఇనుప ఖనిజం ధూళి గాలిలో వచ్చి గోడల మీద, ఆరేసిన చీరల మీద, మూత పెట్టని మంచినీళ్ళ మీద ఎర్రగా వాలేది. నాయనమ్మ పొద్దున లేచింది మొదలు తడిగుడ్డతో తుడుస్తూనే ఉండేది. ముందు గూట్లో బైబిలు తుడిచేది, తర్వాత కాఫీ గ్లాసులు, తర్వాత నా పలక. తుడుస్తూనే ప్రార్థన చేసేది, ప్రార్థన మధ్యలోనే "అన్నం పొంగుతోంది చూడవే" అని అమ్మను కేకేసేది, మళ్ళీ ఆమెన్ దగ్గరికి తిన్నగా వచ్చేసేది. గాలి తిరిగిన రోజుల్లో ఎండుచేపల వాసన, తిరగని రోజుల్లో ఓడల నూనె వాసన. ఆ రెండూ లేని ఇంట్లో ఇప్పటికీ నాకు నిద్ర సరిగ్గా పట్టదు.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నతనంలో కీళ్ళ జ్వరం వచ్చి అది గుండెకు తగిలింది. పరుగులొద్దు, మెట్లెక్కొద్దు, నెలనెలా ఇంజెక్షను మానొద్దు అన్నారు డాక్టరు. నాయనమ్మ నాకు చదువు చెప్పింది. కీర్తనల పుస్తకంలోంచి డిక్టేషను, బియ్యం డబ్బా దగ్గర లెక్కలు, నాన్న చెప్పే ఓడల పేర్లతో భూగోళం. లోకంలో పిల్లలకు దొరకని తీరిక నాకు దొరికింది. ఆ జ్వరానికి కూడా నేను కృతజ్ఞురాలినే, అది రాకపోతే సుగుణమ్మ టీచర్ నాకు దొరికేది కాదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న నన్ను చర్చి వరండాలో ఆవిడ ముందు నిలబెట్టారు. తెల్లచీర, నూనె రాసి బిగించిన ముడి, పొట్టి మనిషి. "టీచర్ గారండీ, మా అమ్మాయండీ. గుండె కొంచెం నీరసమండీ, బడికెళ్ళదు. కూర్చుని చేసుకునే పని ఏదైనా నేర్పుదామని, పియానో అయితే కూర్చునే వాయిస్తారు కదండీ, ఆయ్" అన్నారు నాన్న. ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసి, "పియానో కూకుని వాయించేదని మీకెవరు సెప్పారండీ? నడుం కిందదే కూకుంటాది. మీదదంతా పని సేత్తాది" అంది. నాన్న మళ్ళీ "ఆయ్" అన్నారు. అలా చేరాను.

ఆవిడది సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోతే చర్చి హాస్టల్లో దొరసానులు పెంచారు, వాళ్ళే పియానో నేర్పారు. వాళ్ళు ఇచ్చిన సంగీతం వేళ్ళలో ఉండిపోయింది, వాళ్ళు ఎంత దిద్దినా మాట మాత్రం పల్లెది పల్లెదిగానే ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక ఒక గది, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక ట్రంకు పెట్టె. వారానికోసారి ఆ గది నుంచి పియానో స్టూలు దాకా నడిచే నడక కోసమే మిగతా రోజులన్నీ ఉన్నట్టు ఉండేది ఆవిడ బతుకు. ఆ స్టూలు తీసేస్తే ఆవిడకు ఆదివారమే ఉండదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పియానో దొరల కాలం నాటిది, నిలువు బీరువాలా గోడకానుకుని ఉండేది. సముద్రపు చెమ్మకి లోపలి చెక్క ఉబ్బి, వేళ్ళతో నొక్కే మెట్లు పట్టేసేవి. అందుకని దాని కడుపులో ఒక చిన్న బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. మూత తీస్తే కలరా ఉండల వాసన, వెచ్చబడిన పాత ఉన్ని వాసన కలిసి మొహానికి కొట్టేవి. మొదటి పని ఎర్రధూళి తుడవడం. రెండో పని వాయించడం అనుకున్నాను గానీ కాదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, మెట్ల మీద మూత వేసేసి, నా వెనక విమలను నిలబెట్టేది. నేను మనసులో పాట మొదలు పెట్టుకుని మొదటి స్వరం పడాల్సిన చోట మూత మీద వేళ్ళు వెయ్యాలి. విమల నా చేతులు చూడకూడదు, వీపు మాత్రమే చూడాలి. నా వేళ్ళు మూతను తాకే క్షణంలోనే తను చప్పట్టు కొట్టాలి. తర్వాత కొడితే తప్పు. ఆ తప్పు విమలది కాదు, నాది.

"ఒలే గుంటా, రాయిలాగ బిగిసిపోనావేటి?"

"కదలొద్దని డాక్టరు గారు చెప్పారండి."

"పరిగెట్టొద్దన్నాడు. ఊపిరి తియ్యొద్దన్నాడా? నీ వీపు దానికేటీ సెప్పలేదు. అదెలా కొడతాది సప్పట్టు? పాపం దాన్ని ఆడిపోసుకోకు."

విమల వెనకాల కిసుక్కుమని నవ్వేది. "నవ్వు తరవాత. ఈసారి నువ్వు కూకో, అది నిలబడతాది" అనేది టీచర్. అలా కొన్ని నెలలు మేము పియానో వాయించలేదు, ఒకరి వీపు ఒకరం చదివాం. కొన్నాళ్ళకి విమల కళ్ళు నా వీపు మీద ఉన్నాయన్న సంగతి వెనక్కి చూడకుండానే నాకు తెలిసేది. పాట ఎత్తుకోబోయే ముందు నా ఊపిరి భుజాల దాకా వచ్చి నిండేది, అప్పుడు చెయ్యి దానంతటది లేచేది, చప్పట్టూ వేళ్ళూ ఒక్కటిగా పడేవి. మెట్లెక్కితే ఆయాసపడే పిల్లకు ఊపిరి అనేది భయపడే వస్తువు. దాన్ని పనికొచ్చే వస్తువుగా చేసి నా చేతికిచ్చింది ఆవిడ.

ఇది ఎక్కడ నేర్చుకున్నారని ఒకసారి అడిగాను. దొరసానుల దగ్గర అంటుందనుకున్నాను. "మా అయ్య దగ్గర" అంది. అలివి వల అంటే ఒడ్డున నిలబడి రెండు తాళ్ళతో లాగే పెద్ద వల, ఊరంతా పట్టాలి. "ముందున్నోడు సముద్రం సూత్తాడు. ఎనకున్నోడు ముందున్నోడి వీపు సూత్తాడు. ఆ వీపు వాలిందంటే ఎనకాల అందరూ వాలిపోవాల. వాలేక సూసి వాలితే తాడు జారిపోద్ది. మొహాలు సూసుకుంటా లాగితే వల రాదు, కబుర్లొస్తాయి." చీర కొంగుతో మెట్లు తుడుస్తూ, నేను ఇన్నేళ్ళూ మోసుకు తిరుగుతున్న మాట చెప్పింది. "సప్పుడికి ముందొచ్చే కదలిక పని సేత్తాది. సప్పుడయ్యేక ఎనకాలొచ్చేదుందే, అదంతా ఏసవే."

ఆదివారాలు అది కళ్ళతో చూసేవాళ్ళం. మా చర్చిలో పాట నడిపించేవాళ్ళు ఎవరూ ముందు నిలబడేవారు కాదు. పియానో వేదిక పక్క గోడకు ఉండేది, టీచర్ జనానికి వీపు పెట్టి కూర్చునేది. చరణానికి ముందు ఆ తెల్లని వీపు కొంచెం నిండేది, అంతే. చర్చి అంతా ఒక్కసారి ఊపిరి తీసిన చప్పుడు వినబడేది, మొదటి మాట అందరి నోటా ఒకేసారి పడేది. మగవాళ్ళ గొంతు పెరగాలంటే ఎడమ మోచెయ్యి కొంచెం విచ్చుకునేది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలపు పాటల్లో బరువంతా భుజాల్లోంచి దించేది, చెయ్యి మెట్ల మీద పడినట్టు కాక దిగినట్టు ఉండేది, అప్పుడు పాడే మా గొంతులు కూడా నెమ్మదించేవి. పాట మెత్తబడాలంటే ముందుకు వాలేది, ఎవరికో చెవిలో చెప్పబోతున్నట్టు. చివరి మాట దగ్గర తల వంచేది, తల వంగిన చోట చర్చి మొత్తం నిశ్శబ్దం అయ్యేది. ఇదంతా ఎవరికీ ఎవరూ నేర్పలేదు. పెద్దవాళ్ళు అలా పాడుతుంటే పిల్లలకు వచ్చేసింది. మా నాయనమ్మకి అప్పటికే చెవులు బాగా తగ్గిపోయాయి, పక్కన పిలిచినా పలికేది కాదు. అయినా కీర్తన ఒక్క అక్షరం వెనకబడకుండా పాడేది. అందరూ అది దేవుని మహిమ అనేవారు. కాదనను. ఆ మహిమ తెల్లచీర కట్టుకుని స్టూలు మీద కూర్చునేదని మాత్రం వాళ్ళకు తోచలేదు.

అలాంటి రోజుల్లో స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్పు నుంచి జోయెల్ వచ్చాడు. వాళ్ళ నాన్న అక్కడ ఆఫీసరు. అబ్బాయి మద్రాసులో నేర్చుకుని, పరీక్షలు పాసై, మెడలో సన్న గొలుసుతో, భుజాన నల్ల సంచిలో కీబోర్డుతో దిగాడు. యువజన కూడికలో మొదటిసారి వాయించాడు. నిలబడి వాయించాడు. నిలబడడంలో తప్పేం లేదు, కానీ ఆ నిలబడ్డవాడు ఒక్క చోట ఉంటేగా. మోకాళ్ళు వంచాడు, జుట్టు ఎగరేశాడు, పెదవి కొరికాడు, తీయని స్వరం దగ్గర నిమ్మకాయ కొరికిన మొహం పెట్టాడు. ఒక చేత్తో వాయిస్తూ రెండో చెయ్యి పైకప్పు వైపు చాచాడు, ఫ్యాను ఆపమంటున్నాడేమోనని వెనకాల కూర్చున్న వాచ్‌మన్ లేచి స్విచ్చు దగ్గరికి నడిచాడు కూడా. సంఘ పెద్దలకు మాత్రం కళ్ళు చెమ్మగిల్లాయి. "ఏం భావం, ఏం భావం" అన్నారు. భావం పాటలోంచి వచ్చిందో జుట్టులోంచి వచ్చిందో విచారించే తీరిక వాళ్ళకు లేదు. టీచర్ని అడిగితే ఆవిడ నాకన్నా దయగలది. "సేతులు మంచియే ఆ బాబువి. ఒళ్ళే ఆలీసం" అంది.

ఆ ఏడు మా క్రిస్మస్ ఆరాధనను లోకల్ కేబుల్‌లో వేయడానికి కెమెరా మాట్లాడారు. దానికోసం సంఘ పెద్ద ప్రసాదరావు గారు ఒక ఆదివారం వరండాలో టీచర్ని ఆపారు. మేమిద్దరం కీర్తనల పుస్తకాలు సర్దుతూ అక్కడే ఉన్నాం.

"టీచర్ గారూ, మరోలా అనుకోకండి. మీరు వాయించేది బాగానే ఉంటుంది. చూడ్డానికే ఏమీ ఉండదు, వీపు తప్ప."

"పాడ్డానికి నా మొహం ఎందుకండీ?"

"పాడ్డానికి కాదమ్మా, చూడ్డానికి. టీవీలో వస్తుంది కదా. హావభావాలు ఉండాలి."

"కీర్తనలో ఉన్నాయి కదండీ."

"అవి వినబడతాయి. మాకు కనబడాలి. పియానో ఇటు తిప్పిస్తాను. ఈ నెల ఇలా వాయించి చూడండి, కొంచెం కదలండి కూడా. కుదిరితే క్రిస్మస్‌కి మీరే. కుదరకపోతే పోనీ, ఆ జోయెల్ బాబు ఉన్నాడు."

టీచర్, "తిప్పండి" అంది. ఇన్నేళ్ళ స్టూలు నెల రోజుల పరీక్ష మీదికి వచ్చింది.

తిప్పడమైతే తిప్పారు. కమిటీ వాళ్ళే చొక్కా చేతులు మడుచుకుని, కాళ్ళ మీద వేసుకోకుండా ఎలాగో తోశారు. తిప్పాక తెలిసింది, అది నిలువు పియానో, మనిషి మెడ దాకా ఉంటుందని. మొహం కనబడాలని తిప్పితే కనబడింది నుదురు. వెనక వైపు చిరిగిన గుడ్డ, బల్బు తీగ, ఎవరో ఎప్పుడో అంటించిన కాగితం. అది బాగోలేదని వాటి మీద ఎర్ర శాటిన్ పరదా కట్టి, జిగురుతో వెండి నక్షత్రం అంటించారు. ఆ నక్షత్రం మీదుగా టీచర్ రెండు కళ్ళు, పాపిట. దాన్ని వాళ్ళు హావభావాలకు ఏర్పాటు అన్నారు.

ఆ ఆదివారం మా చర్చిలో పాట కూలిపోయింది. మొదటి కీర్తనకే ముందు వరుస ఒక చోట, వెనక వరుస ఒక చోట ఎత్తుకున్నారు. మగవాళ్ళు సందేహిస్తూ సగం మాట మింగేశారు. చరణం చివర పాట ఆగలేదు, ఇక్కడొకరూ అక్కడొకరూ జారవిడిచారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పని మా నాయనమ్మ ఒక లైను ముందే గట్టిగా అందుకుంది, నాలుగు మాటలు ఒంటరిగా పాడి, చుట్టూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. దారిలో రిక్షాలో నన్ను అడిగింది.

"ఏవే, టీచరమ్మకి ఒంట్లో బాగోలేదా? ఎవరే ఇవాళ వాయించింది?"

"టీచరే నాయనమ్మా" అని చెవిలో అరిచాను.

"అబద్ధాలాడకు. ఆవిడ రాలేదు. నేను చూశాగా."

సంఘంలో ఎవరైనా మా నాయనమ్మ అన్న మాట అర్థం చేసుకుని ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. అర్థం చేసుకోలేదు. పాట చెడింది, కాబట్టి వాయించేవాళ్ళే చెడగొట్టారు. టీచర్ గారికి వయసైపోయింది, తాళం తప్పుతోంది అన్నారు. తర్వాతి ఆదివారమూ అంతే, ఆ పైదీ అంతే, ప్రతిసారీ పాపం అంటూ తల ఊపారు. మా నాన్న కమిటీ ముందుకెళ్ళి నిలబడి, "వీపు కనబడకండీ. తిరిగి గోడకి పెట్టేస్తే సరిపోద్దండీ" అని మర్యాదగా చెప్పారు. "వీపు చూసి పాడతారేంటయ్యా ఎవరైనా, నువ్వు క్రేనులో కూర్చుని ఏం చూసి ఎత్తుతావో గానీ" అని ప్రసాదరావు గారు నవ్వారు, మిగతావాళ్ళూ నవ్వారు. నిజానికి నాన్న క్రేను పైనుంచి కింద జెండా ఊపే మనిషిని చూసే ఎత్తేవారు. ఆ మాట వాళ్ళకు చెప్పకుండానే వచ్చేశారు.

నేనూ విమలా టీచర్ గదికి వెళ్ళి ఏడ్చాం. మీరు నోరు తెరిచి చెప్పొచ్చు కదండీ అన్నాం. ఆవిడ స్టవ్వు మీద ఉల్లిపాయలు వేయిస్తూ, వెనక్కి తిరక్కుండానే, "ఇన్నేళ్ళు పాడినోళ్ళే ఆళ్ళు. నాను సెప్తే తెలిసేదేటి?" అంది. తర్వాత మా ఇద్దరికీ అన్నం పెట్టింది. చేపల పులుసులో ఆ రోజు ఉప్పు వెయ్యడం మరచిపోయింది. మేమూ చెప్పలేదు.

క్రిస్మస్‌కి జోయెల్ వాయించాడు. కేబుల్‌లో వచ్చింది, నిజమే, ఊరంతా చూసింది. అతని ఊగడం చూసి జనం ఎత్తుకుంటే ప్రతి మాటా సగం అడుగు వెనక పడేది, ఎందుకంటే అతని ఒళ్ళు చప్పుడయ్యాక కదిలేది. దానికి విరుగుడుగా స్పీకర్లు పెంచారు. స్పీకర్లు పెంచాక జనం పాడినా పాడకపోయినా ఒకటే అయింది, అప్పటినుంచి మెల్లమెల్లగా పాడడం మానేశారు. చప్పట్లు నేర్చుకున్నారు. పాత పియానోను శాటిన్ పరదాతో సహా తోసుకెళ్ళి, వేరే చోటు లేక మళ్ళీ ఆ పాత గోడ దగ్గరే పడేసి, ఆ పరదానే పైన కప్పేశారు. టీచర్ ఆదివారాల్లో ఆడవాళ్ళ వైపు చివరి బల్ల మీద కూర్చునేది. బల్బు మాత్రం ఆర్పనివ్వలేదు, పొద్దునే వచ్చి మూత తీసి చూసుకుని వెళ్ళేది.

కొన్నేళ్ళు గడిచాక మా నాయనమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం పూట చర్చిలో సమాధి ఆరాధన. ఆవిడ పెట్టెను వేదిక ముందు పెట్టాం, దాని మీద నేను ఇంట్లోంచి తెచ్చిన కనకాంబరాలు. జోయెల్ కీబోర్డు తెరిచి, తల వెనక్కి వేసి, కళ్ళు మూసి, ఇంకా ఒక్క మెట్టూ నొక్కకముందే దుఃఖం మొదలు పెట్టాడు. అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, స్పీకర్లు చచ్చాయి, అతను చేతులు గాలిలో పెట్టుకుని నిలబడిపోయాడు. ఎవరు ఎత్తుకోవాలో తెలియక చర్చి అంతా గొంతులు సవరించుకుంది. పెట్టెలో పడుకున్న మనిషికి జీవితమంతా ఒక్క పాట తప్పలేదు, నవ్వులపాలైన ఆ ఒక్క లైను తప్ప. ఆవిడను పాట లేకుండా పంపుతామేమోనని వెనక్కి తిరిగి విమల వైపు చూశాను.

చివరి బల్ల కిర్రుమంది. సుగుణమ్మ టీచర్ లేచి, ఎవరినీ అడక్కుండా, పక్క నడవ వెంట గోడ దాకా నడిచి, పరదా ఊడదీసి కింద పడేసి, మూత తెరిచి, జనానికి వీపు పెట్టి కూర్చుంది. వయసుకి ఆ వీపు కొంచెం వంగింది. అయినా అది నిండడం చర్చి మొత్తం చూసింది. నేను ఊపిరి తీశాను, నా వెనక విమల తీసింది, మా వెనక అందరూ తీశారు, ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మొదటి మాట ఒక్కటిగా పడింది. బరువు భుజాల్లోంచి దిగింది, ఎడమ మోచెయ్యి విచ్చుకుంది, మగవాళ్ళ గొంతు లేచింది. చెమ్మకు రెండు మూడు మెట్లు పలకలేదు, ఆ ఖాళీలను మేమే పాడి నింపాం. చివర తల వంచింది. మేము ఆగాం. అంత మంచి నిశ్శబ్దంలో మా నాయనమ్మను మోసుకెళ్ళాం. నా ప్రార్థనలకు దొరికిన జవాబుల్లో అంతకన్నా తిన్నగా వచ్చినది లేదు.

మర్నాడు కమిటీ కూర్చుంది. ఇప్పుడైనా తెలుస్తుందేమో అని నాన్న, నేను ఆశపడ్డాం. నిన్న అందరూ అంత బాగా ఎలా పాడారో మాట్లాడుకున్నారట. దుఃఖం వల్ల అని ఒకరు, ముసలావిడ భక్తి వల్ల అని ఒకరు. ఆఖరికి, కరెంటు పోయి చాలా ఇబ్బంది అయింది గనుక ఇన్వర్టరు కొనాలని తీర్మానించారు. కొన్నారు. ప్రసాదరావు గారు దానికి ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు. టీచర్ మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చోలేదు.

నేను ఇప్పుడు ఇంట్లో కొందరు పిల్లలకు నేర్పుతాను. తల్లులు వచ్చి మొదట అడిగేది ఒక్కటే, "ఎక్స్‌ప్రెషన్ నేర్పుతారా మేడం?" పోటీల్లో దానికి వేరే మార్కులట. కదలిక ఉండకూడదని నేననను. ఒళ్ళు లేకుండా వాయించేది గడియారం. గాలిలో వేళ్ళు తిప్పడం, పైకప్పుకు మొహం చూపించడం, తనకు తనే ముచ్చటపడడం, వీటిని మాత్రం నా గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి రమ్మంటాను. లోపలికొచ్చాక మూత వేసి కూర్చోబెడతాను. వెనకాల ఇంకో పిల్లను నిలబెడతాను. కొందరు తల్లులు రెండో వారం మానిపించేస్తారు. మానని పిల్లల వీపులు ఒక రోజు ఉన్నట్టుండి మాట్లాడతాయి, చప్పట్టు సరిగ్గా పడుతుంది, ఇద్దరూ ఉలిక్కిపడి నవ్వుతారు. ఆ నవ్వుకు నేను దేవునికి రుణపడి ఉన్నాను.

టీచర్ మంచి ఫోటో కోసం నేనూ విమలా ఆ కబురు తెలిసిన రోజంతా పెళ్ళి ఆల్బములు, బాప్తిస్మాల ఆల్బములు తిరగేశాం. ఆవిడ వాయించిన రోజుల్లో చర్చిలో తీసిన ప్రతి ఫోటోలోనూ ఆవిడ ఉంది, వధూవరుల భుజాల మధ్య, పాదిరిగారి మోచేతి పక్కన, దూరంగా తెల్లగా ఒక వీపు. ఒక్కదాంట్లోనూ మొహం లేదు. మొదట బాధపడ్డాం, తర్వాత విమల కళ్ళు తుడుచుకుని, "ఇదే కదే ఆవిడ" అంది. కాబట్టి ఆవిడ ఎలా ఉండేదో చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇది చదివిన మీరు గుడిలోనో, చర్చిలోనో, పెళ్ళిలోనో నలుగురితో కలిసి పాడబోయే రోజు ఒకటి వస్తుంది. మొదటి మాటకు ముందు అందరూ ఊపిరి తీసుకునే ఆ కాస్త చోట, మా సుగుణమ్మ టీచర్ని ఒక్కసారి తలుచుకోండి.